వాడిన ఇంజిన్ ఆయిల్ రిపోర్టును చదవడం ఎలా?

వాడిన ఆయిల్‌ను ల్యాబుకు పంపాక పరీక్ష రిపోర్టు రాగానే చాలామంది కళ్లు నేరుగా ఇనుము అంకె మీదికి వెళ్తాయి. అక్కడ 38 కనిపిస్తే గుండె జారిపోతుంది, 9 కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది. కానీ ఆ 38 నిక్షేపంగా ఉన్న ఇంజిన్‌ది కావచ్చు, ఆ 9 బేరింగులు అరిగిపోతున్న ఇంజిన్‌ది కావచ్చు. ఆయిల్ రిపోర్టులో ఏ అంకెకూ ఒంటరిగా అర్థం లేదు. దానితో పాటు ఇంకే అంకె పెరిగింది, పోయినసారి అదెంత ఉంది, డబ్బాలోని కొత్త ఆయిల్‌లోనే అదెంత ఉంది అని అడిగాకే అసలు సంగతి బయటపడుతుంది. వేగంగా నడిపే కారు ఉన్నవారు, ముఖ్యంగా అప్పుడప్పుడు రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లేవారు, ఈ మూడు ప్రశ్నలూ అలవాటు చేసుకోవాలి.

ముందు కొలత సంగతి. లోహాలన్నీ పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అన్న లెక్కలో ఇస్తారు. కిలో ఆయిల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీఎం. ఆరు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజిన్ అనుకోండి. లీటరు ఆయిల్ సుమారు 0.85 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం 5.1 కిలోలు. అందులో 30 పీపీఎం ఇనుము అంటే 153 మిల్లీగ్రాములు. వేల కిలోమీటర్లు తిరిగిన తర్వాత సిలిండర్లు, కామ్‌షాఫ్టులు, క్రాంక్‌షాఫ్టు, టైమింగ్ చైను, ఆయిల్ పంపు అన్నీ కలిసి పోగొట్టుకున్నది చిటికెడు ఉప్పంత కూడా లేదు. ఇంత చిన్న పరిమాణాన్ని కొలుస్తున్నప్పుడు సీసం 2 నుంచి 4కు పెరగడాన్ని రెట్టింపు అని చదవకూడదు. ఒకే సీసాలోని ఆయిల్‌ను రెండుసార్లు పరీక్షించినా అంతటి తేడా రావచ్చు.

ఈ పద్ధతి కార్ల కోసం పుట్టింది కాదు. 1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే తన డీజిల్ ఇంజిన్ల ఆయిల్‌ను వర్ణపట పరీక్షకు, అంటే ఆయిల్‌ను కాల్చి వచ్చే వెలుగును బట్టి లోహాలను కొలిచే పరీక్షకు, పంపడం మొదలుపెట్టింది. ఇంజిన్ విప్పకుండానే లోపల ఏ భాగం అరుగుతోందో కనిపెట్టడం వారి ఉద్దేశం. ఒకే రకం ఇంజిన్లు చాలా ఉండటం, నమూనాలు క్రమం తప్పకుండా తీయడం వారికి కలిసివచ్చింది. మీ దగ్గర ఉన్నది ఒక్క ఇంజిన్. అందుకే క్రమం తప్పకపోవడం మీకు మరింత అవసరం.

నమూనా సరిగ్గా తీయండి

నమూనా తీయడంలో పొరపాటు జరిగితే తర్వాత ఎంత జాగ్రత్తగా చదివినా వృథా. కారును కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి రండి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తే సరిపోదు, అప్పుడు అడుగున పేరుకున్నది సరిగా కలవదు, పైగా చల్లటి ఇంజిన్ వల్ల కాస్త పెట్రోలు అదనంగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ వేడిగా ఉంటుంది, చేతులకు తొడుగులు వేసుకోండి. డ్రెయిన్ బోల్టు చుట్టూ ఉన్న మట్టిని శుభ్రమైన గుడ్డతో తుడిచాకే విప్పండి. ఆ మట్టి ఒక్క రేణువు సీసాలో పడినా సిలికాన్ అంకె పెరిగి, లేని దుమ్ము సమస్య కోసం మీరు వెతుక్కోవాల్సి వస్తుంది.

మొదట వచ్చే ధారను పోనివ్వండి. ఒక లీటరు పోయాక, ధార నిండుగా ఉండగానే సీసాను కిందికి పెట్టి నింపండి. చివర్లో కారే చుక్కలు పనికిరావు. ట్రేలోంచి ముంచి తీయడం, పాత ఫిల్టరు వంచి తీయడం అసలే వద్దు. డిప్‌స్టిక్ గొట్టం గుండా చిన్న పంపుతో లాగే పద్ధతి కూడా మంచిదే, కానీ ఒకసారి ఏ పద్ధతి మొదలుపెడితే ప్రతిసారీ అదే పాటించండి. డ్రై సంప్ ఉన్న కార్లలో, అంటే ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంచేవాటిలో, ట్యాంకు నుంచి తీస్తారా, కింది నుంచి తీస్తారా అన్నది కూడా ఒకటే పద్ధతిగా ఉండాలి.

సీసాతో పాటు పంపే కాగితాన్ని అశ్రద్ధ చేయకండి. ఆయిల్ పేరు, గ్రేడు, ఆ ఆయిల్ నడిచిన కిలోమీటర్లు, ఇంజిన్ మొత్తం కిలోమీటర్లు, మధ్యలో ఎంత ఆయిల్ పోశారు, ట్రాక్ మీద ఎన్ని గంటలు నడిపారు, సీసం కలిపిన రేసు పెట్రోలు వాడారా, ఈ మధ్య ఏ భాగం మార్చారు అన్నవన్నీ రాయండి. రాసినదాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత ఆ కాగితం రిపోర్టు కన్నా విలువైనది అవుతుంది.

మరొక్క పని. వాడే ఆయిల్ కొత్త డబ్బాలోంచి కూడా ఒక నమూనాను ఒకసారి అదే ల్యాబుకు పంపండి. ఈ ఖర్చు దండగ అనిపిస్తుంది గానీ, రిపోర్టు చదవడంలో వచ్చే అపార్థాల్లో చాలా భాగం దీనితోనే తీరిపోతాయి. ఎలాగో కింద చాలాచోట్ల కనిపిస్తుంది.

మొదట చిక్కదనం, పెట్రోలు

లోహాల పట్టికను కాసేపు పక్కన పెట్టి, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం ఎంతో చూడండి. దాన్ని సెంటీస్టోక్సులలో ఇస్తారు. ఇంజిన్ ఆయిళ్ల గ్రేడులను నిర్ణయించే ఎస్‌ఏఈ జే300 ప్రమాణం ప్రకారం 30 గ్రేడు ఆయిల్ 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. మీరు పోసింది 5డబ్ల్యూ-40, అంటే 40 గ్రేడు ఆయిల్ అయి, రిపోర్టులో 11.4 వస్తే ఇంజిన్‌లో ఇప్పుడు ఉన్నది 30 గ్రేడు ఆయిల్ అన్నమాట. ట్రాక్ మీద ఆయిల్ 130 డిగ్రీలకు చేరినప్పుడు క్రాంక్‌షాఫ్టుకూ బేరింగుకూ మధ్య నిలవాల్సిన పొర ఆ మేరకు పలచబడుతుంది. అందుకే నేను లోహాల కన్నా దీన్నే ముందు చూస్తాను. లోహాలు జరిగిపోయిన అరుగుదలను చెబుతాయి, చిక్కదనం జరగబోయేదాన్ని చెబుతుంది.

పలచబడటానికి ముఖ్యమైన కారణాలు రెండు. ఒకటి, చిక్కదనాన్ని నిలిపి ఉంచడానికి ఆయిల్‌లో కలిపే పాలిమర్లు గేర్ల మధ్య, కామ్‌షాఫ్టుల కింద నలిగి తెగిపోవడం. రెండు, కాలని పెట్రోలు రింగులు దాటి ఆయిల్‌లోకి దిగడం. ఏది జరిగిందో పక్కనే ఉన్న ఫ్లాష్ పాయింటు, అంటే ఆయిల్ ఆవిరి ఎంత వేడికి అంటుకుంటుందో చెప్పే అంకె, చెబుతుంది. పెట్రోలు కలిస్తే ఆయిల్ తక్కువ వేడికే అంటుకుంటుంది, కాబట్టి ఆ అంకె బాగా పడిపోతుంది. చిక్కదనం తగ్గి ఫ్లాష్ పాయింటు కొత్త ఆయిల్‌కు దగ్గర్లోనే ఉంటే తెగినవి పాలిమర్లు. రెండూ కలిసి పడిపోతే వెతకాల్సింది పెట్రోలు కోసం.

కొన్ని ల్యాబులు పెట్రోలు శాతాన్ని ఫ్లాష్ పాయింటు నుంచి అంచనా కట్టి ఇస్తాయి, కొన్ని ఆయిల్‌లోని పదార్థాలను విడదీసి చూసే గ్యాస్ క్రొమటోగ్రఫీతో నేరుగా కొలుస్తాయి. సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్ మీదైతే కాస్త ఎక్కువ చెల్లించి అయినా నేరుగా కొలిచే పరీక్షనే అడగండి. అంచనా పద్ధతిలో రిపోర్టు బాగున్నట్టు కనిపించి, నేరుగా కొలిస్తే నాలుగు శాతం తేలడం అరుదేమీ కాదు. నేను పెట్టుకున్న హద్దులు ఇవి: రెండు శాతం లోపు ఉంటే పట్టించుకోను, రెండు నుంచి నాలుగు మధ్య ఉంటే ఆయిల్ మార్చే గడువు తగ్గిస్తాను, ఐదు దాటితే ఆయిల్ వెంటనే మార్చి కారణం వెతుకుతాను. కారుతున్న ఇంజెక్టరు, తరచూ మిస్‌ఫైర్ కావడం, ఎప్పుడూ తెరుచుకునే ఉండిపోయిన థర్మోస్టాట్, అవసరానికి మించి పెట్రోలు పోసే ట్యూనింగ్, ఇంజిన్ వేడెక్కేలోపే ముగిసే చిన్న ప్రయాణాలు, ఈ అయిదింటినీ వరుసగా చూసుకుంటూ పోండి.

చిక్కదనం పెరిగిందంటే ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి పాడవుతోందని గానీ, తేలిక భాగం ఆవిరైపోయిందని గానీ, ఎవరో వేరే గ్రేడు ఆయిల్ పోశారని గానీ అర్థం. దీనికి సాక్ష్యంగా ఆక్సిడేషన్ అంకెను చూస్తారు. ఇక్కడే కొత్త ఆయిల్ నమూనా అక్కరకు వస్తుంది. ఎస్టర్లు అనే రసాయనాలు కలిపిన రేసు ఆయిళ్లలో ఆ అంకె డబ్బాలోనే ఎక్కువగా ఉంటుంది. ఎందుకంటే ఎస్టరులో ఉండే కార్బనిల్ బంధం, పాడైన ఆయిల్‌లో కనిపించే కార్బనిల్ బంధం ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో దాదాపు ఒకే చోట పలుకుతాయి. కొత్త ఆయిల్ అంకెను తీసివేసి మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

తర్వాత కూలెంట్, దుమ్ము

సోడియం, పొటాషియం జంటగా పెరిగితే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఆయిల్‌లోకి వస్తోందేమో అని అనుమానించాలి. హెడ్ గాస్కెట్ దగ్గరో, ఆయిల్ కూలర్ లోపలో చిన్న చీలిక ఉన్నా ఇవి ముందుగా బయటపడతాయి. నీరు వేడికి ఆవిరైపోతుంది కాబట్టి రిపోర్టులో నీరు సున్నా అని ఉన్నా కూలెంట్ లేదని కాదు. ఈ లోహాలు మాత్రం ఆవిరి కావు, మిగిలిపోతాయి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ వేడికి విరిగి ఆమ్లాలుగా మారి బేరింగుల పైపొరను తింటుంది. కాబట్టి సోడియం, పొటాషియంతో పాటు సీసం, రాగి కూడా లేస్తే ఆలస్యం చేయకూడదు.

అయితే సోడియం ఒక్కటే ఎక్కువగా ఉంటే కంగారు వద్దు. కొన్ని ఆయిళ్లలో శుభ్రపరిచే రసాయనంగా సోడియాన్నే కలుపుతారు. కొత్త కారులో, లేదా కొత్త కూలర్ బిగించాక, పొటాషియం, అల్యూమినియం కలిసి పెరగవచ్చు. అల్యూమినియం కూలర్లను అతికేటప్పుడు వాడే ఫ్లక్సులో ఈ రెండూ ఉంటాయి. రెండు మూడు ఆయిల్ మార్పిళ్లలో అది కడుక్కుపోతుంది. కూలెంట్ కారుతుంటే మాత్రం అంకె తగ్గడం ఉండదు.

సిలికాన్‌కు మూడు పుట్టిళ్లు ఉన్నాయి. ఇసుక, మట్టి మొదటిది. గాస్కెట్ల దగ్గర పూసే సిలికాన్ సీలెంట్ రెండోది. ఆయిల్ నురగ కట్టకుండా కలిపే రసాయనం మూడోది. మట్టిలో సిలికాన్‌తో పాటు అల్యూమినియం కూడా ఉంటుంది. మట్టి లోపలికి పోతే రింగులు, సిలిండర్లు గీసుకుపోతాయి. కాబట్టి సిలికాన్, అల్యూమినియం, ఇనుము, క్రోమియం నాలుగూ కలిసి లేస్తే అది దుమ్ము. సిలికాన్ ఒక్కటే 40కి పోయి మిగతావి కదలకపోతే అది సీలెంట్. ఇంజిన్ విప్పి బిగించిన తర్వాత వచ్చే మొదటి రిపోర్టులో ఇలా ఉండటం మామూలే. వేగం కోసం తెరిచి ఉన్న ఎయిర్ ఫిల్టరు బిగించినవారు ఈ నాలుగు అంకెలను ప్రతిసారీ కలిపి చూడాలి. ఫిల్టరు మంచిదే అయినా దాని అంచు గొట్టానికి సరిగా ఆనకపోతే గాలి ఆ సందులోంచే పోతుంది.

ఇప్పుడు లోహాలు

ఇనుముతో మొదలుపెట్టే ముందు మీ ఇంజిన్ సిలిండర్లు దేనితో చేశారో తెలుసుకోండి. పోత ఇనుము లైనర్లు, అంటే సిలిండర్ లోపల తొడిగే గొట్టాలు, ఉన్న ఇంజిన్‌లో ఇనుము కాస్త ఎక్కువగా ఉండటం సహజం. నిస్సాన్ జీటీ-ఆర్‌లోని వీఆర్38 ఇంజిన్‌లో లైనర్లు ఉండవు, సిలిండర్ గోడల మీద ఇనుమును ప్లాస్మాతో చల్లుతారు. నికాసిల్ పూత ఉన్న సిలిండర్లలో ఉండేది నికెల్, సిలికాన్ కార్బైడ్. అక్కడ గోడ అరిగితే నికెల్ లేస్తుంది. బీఎండబ్ల్యూ ఎం3లోని ఎస్65 వంటి ఇంజిన్ల బ్లాకులు సిలికాన్ ఎక్కువగా ఉన్న అల్యూమినియం మిశ్రమంతో పోసినవి, వాటిలో గోడ అరిగితే అల్యూమినియం, సిలికాన్ లేస్తాయి. అదే జంట దుమ్ముకూ గుర్తే కాబట్టి అలాంటి ఇంజిన్‌లో ఎయిర్ ఫిల్టరు చుట్టుపక్కలంతా చూసి సందు లేదని తేల్చుకున్నాకే గోడలను అనుమానించాలి. ఒకే 20 పీపీఎం ఇనుము ఒక ఇంజిన్‌లో చక్కటి ఆరోగ్యం, మరో ఇంజిన్‌లో గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

అల్యూమినియం ఎక్కువగా పిస్టన్ల నుంచి వస్తుంది. క్రోమియం రింగుల నుంచి. ఈ రెండూ ఇనుముతో కలిసి పెరిగి సిలికాన్ కదలకపోతే, పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తోందేమో చూడాలి. అంటే మళ్లీ చిక్కదనం, పెట్రోలు అంకెల దగ్గరకే వెళ్లాలి.

బేరింగుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే వేగంగా నడిపే ఇంజిన్లలో అసలు భయం వాటి గురించే. చాలాకాలం కనెక్టింగ్ రాడ్ బేరింగులను మూడు పొరలుగా చేసేవారు: వెనక ఉక్కు, దాని మీద రాగి, సీసం మిశ్రమం, అన్నిటికన్నా పైన సీసం, తగరం కలిసిన పలుచని పూత. అలాంటి బేరింగు అరిగితే ముందు సీసం, దానితో కాస్త తగరం కనిపిస్తాయి. పూత పోయి కింది పొర బయటపడ్డాక రాగి లేస్తుంది. సీసం ఒక్కటే పెరిగితే ఇంకా సమయం ఉంది, రాగి కూడా తోడైతే సమయం తరిగిపోతోంది అని పాతకాలపు మెకానిక్కులు చదివేది ఇందుకే.

కానీ ఈ చదువు కొత్త ఇంజిన్లకు పనికిరాదు. పాత వాహనాల వ్యర్థాల మీద యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన ఆదేశం సీసం వాడకాన్ని అరికట్టింది. ఇంజిన్ బేరింగులకు ఇచ్చిన మినహాయింపు కూడా 2011తో ముగిసింది. ఎస్65 ఇంజిన్ దీనికి మంచి ఉదాహరణ. మొదటి సంవత్సరాల్లో దాని రాడ్ బేరింగులు రాగి, సీసంతో ఉండేవి, తర్వాత అల్యూమినియం, తగరంతో చేసినవి వచ్చాయి. రెండో రకం బేరింగులున్న కారులో సీసం సున్నా అని చూసి సంబరపడితే అర్థం లేదు. అక్కడ అరగడానికి సీసమే లేదు. అందులో చూడాల్సింది అల్యూమినియం, తగరం. అల్యూమినియం పిస్టన్ల నుంచీ వస్తుంది కాబట్టి క్రోమియం, ఇనుము కదలకుండా అల్యూమినియం మాత్రమే పెరిగిందా అని చూడండి. మీ ఇంజిన్‌లో ఏ రకం బేరింగులున్నాయో తయారీ సంవత్సరాన్ని, పార్టు నంబరును బట్టి తెలుసుకుని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

సీసం కలిపిన రేసు పెట్రోలు ఒక్కసారి వాడినా సీసం అంకె వందల్లోకి, వేలల్లోకి పోతుంది. ఆ రిపోర్టుతో బేరింగుల గురించి ఏమీ చెప్పలేరు. ఆయిల్ రెండుసార్లు మార్చేదాకా ఆ మచ్చ పోదు.

ఇక రాగి. ఒకసారి నా కారుకు పెద్ద ఆయిల్ కూలర్ బిగించాక వచ్చిన రిపోర్టులో రాగి 6 నుంచి ఏకంగా 94కు ఎగిరింది. ల్యాబు వారు ఆ అంకెకు ఎర్ర గీత పెట్టి, బేరింగులు పరీక్షించుకోమని రాశారు. కారు చూసిన మెకానిక్ కూడా ఇంజిన్ దింపాల్సిందేనన్నాడు. ఆ రాత్రి రిపోర్టును ముందు పెట్టుకుని ఒక్కో అంకెనూ వేలితో తాకుతూ చదివాను. సీసం 1, తగరం 0, ఇనుము 12, చిక్కదనం చెక్కుచెదరలేదు. బేరింగు పైపొర పోకుండా కింది రాగి బయటికి రాదు. కూలర్ లోపలి రాగి, ఇత్తడి భాగాలు కొత్తవి. ఆయిల్‌లోని రసాయనాలు వాటి మీద పొర కట్టేదాకా రాగి కరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ దింపలేదు. మూడు వేల కిలోమీటర్ల తర్వాత రాగి 41, ఆ పై రిపోర్టులో 17. ఆయిల్ బ్రాండు మార్చినప్పుడు కూడా ఇలా జరగవచ్చు, పాత రసాయనాలు కట్టిన పొరను కొత్తవి కరిగించి మళ్లీ కడతాయి.

కలిపిన రసాయనాలు, టీబీఎన్

కాల్షియం, మెగ్నీషియం శుభ్రపరిచేవి. జింకు, భాస్వరం అరుగుదలను ఆపేవి. మాలిబ్డినం రాపిడిని తగ్గించేది. ఇవన్నీ కొత్త ఆయిల్ నమూనాతో పోల్చాలి. మామూలు పెట్రోలు కార్ల పలుచని గ్రేడు ఆయిళ్లలో భాస్వరం 600 నుంచి 800 పీపీఎం మధ్య ఉండాలని ప్రమాణం ఉంది, కెటలిటిక్ కన్వర్టరును కాపాడటానికి ఆ పరిమితి. రేసు ఆయిళ్లలో అంతకన్నా బాగా ఎక్కువ ఉంటుంది. మీరు కొన్నది రేసు ఆయిల్ అయి రిపోర్టులో భాస్వరం 750 వస్తే, డబ్బాలో ఉన్నది మీరనుకున్న ఆయిలేనా అని అనుమానించడం న్యాయమే. జింకు, భాస్వరం అంకెలు పెద్దగా తగ్గలేదంటే ఆయిల్ ఇంకా కొత్తగానే ఉందనుకోకండి. ఈ పరీక్ష మూలకం ఉందో లేదో చెబుతుంది గానీ, అది ఇంకా పనిచేసే రూపంలో ఉందో లేదో చెప్పదు.

ఆమ్లాలను ఎదుర్కొనే శక్తిని చెప్పేది టీబీఎన్ (టోటల్ బేస్ నంబర్), పోగుపడిన ఆమ్లాన్ని చెప్పేది టీఏఎన్ (టోటల్ యాసిడ్ నంబర్). మొదటిది తగ్గుతూ, రెండోది పెరుగుతూ ఒకచోట కలుస్తాయి, ఆ లోపే ఆయిల్ మార్చాలి. టీబీఎన్‌ను డి2896, డి4739 అనే రెండు పద్ధతుల్లో కొలుస్తారు, మొదటి పద్ధతిలో అంకె ఎక్కువ వస్తుంది. డబ్బా మీది అంకె ఒక పద్ధతిలో, రిపోర్టు అంకె మరో పద్ధతిలో ఉంటే ఆ పోలిక చెల్లదు.

పాత రిపోర్టుల పక్కన పెట్టి చూడండి

ఒక్క రిపోర్టు ఫొటో లాంటిది. మూడు రిపోర్టులు వచ్చేసరికి ఇంజిన్ నడక తెలుస్తుంది. కానీ పోల్చేముందు రెండు సవరణలు చేయాలి. మొదటిది, మధ్యలో పోసిన ఆయిల్. ఆరు లీటర్ల ఇంజిన్‌లో రెండు లీటర్లు పోశారంటే లోహాలు పలచబడ్డాయి, కొన్ని కాలిన ఆయిల్‌తోనే పోయాయి. ఉజ్జాయింపుగా, ఇనుము 30 అని ఉంటే దాన్ని ఒకటింబావు రెట్లకు కాస్త పైన, అంటే 40గా చదవండి. రెండోది, ఆయిల్ నడిచిన దూరం. అంకెను వెయ్యి కిలోమీటర్లకు ఎంత అని మార్చుకోండి, అయితే మరీ తక్కువ దూరానికి ఈ లెక్క మోసం చేస్తుంది. ఆయిల్ మార్చినప్పుడు పాతది కొంత లోపలే ఉండిపోతుంది, అందులోని లోహం కొత్త ఆయిల్ ఖాతాలో పడుతుంది. ట్రాక్ మీద నడిపే కారుకు కిలోమీటర్ల కన్నా తాగిన పెట్రోలు లీటర్లు మెరుగైన కొలబద్ద. ఇంజిన్ ఎంత శ్రమపడిందో పెట్రోలు లెక్క దాచలేదు.

ల్యాబు వారు ఇచ్చే సగటు అంకెలను దారి చూపే గుర్తులుగా మాత్రమే తీసుకోండి. ఆ సగటులో నెమ్మదిగా నడిపేవారూ, రెట్టింపు దూరం ఆయిల్ మార్చనివారూ ఉంటారు.

ఒక రిపోర్టును కలిసి చదువుదాం

చదివే పద్ధతి చూపడానికి నేను కూర్చిన అంకెలు ఇవి. నేరుగా పెట్రోలు చిమ్మే రెండు లీటర్ల టర్బో ఇంజిన్, ఐదున్నర లీటర్ల ఆయిల్, 5డబ్ల్యూ-40. కొత్త ఆయిల్ చిక్కదనం 13.8, సిలికాన్ 5.

మొదటి రిపోర్టు 6,000 కిలోమీటర్ల దగ్గర: ఇనుము 14, అల్యూమినియం 4, క్రోమియం 1, రాగి 5, సీసం 1, సిలికాన్ 8, చిక్కదనం 13.1, పెట్రోలు 1.0 శాతం. రెండోది 6,200 దగ్గర: ఇనుము 16, అల్యూమినియం 5, క్రోమియం 1, రాగి 6, సీసం 1, సిలికాన్ 9, చిక్కదనం 12.9, పెట్రోలు 1.4. మూడోది 5,900 దగ్గర, మధ్యలో రెండు రోజులు ట్రాక్ మీద నడిపారు: ఇనుము 31, అల్యూమినియం 11, క్రోమియం 3, రాగి 7, సీసం 1, సిలికాన్ 27, చిక్కదనం 11.6, పెట్రోలు 3.8. సోడియం, పొటాషియం మూడింటిలోనూ కదలలేదు.

యజమాని ఇనుము చూసి ట్రాక్‌ను తిట్టుకుంటాడు. మనం వరుసగా వద్దాం. చిక్కదనం 40 గ్రేడు కిందికి దిగింది, పెట్రోలు 3.8 దానికి కారణం చెబుతోంది. కూలెంట్ గుర్తులు లేవు. సిలికాన్ మూడింతలైంది, దానితో అల్యూమినియం, క్రోమియం, ఇనుము నాలుగూ కలిసి లేచాయి. అంటే దుమ్ము. రాగి, సీసం దాదాపు కదలలేదు. ఈ ఇంజిన్ బేరింగులు రాగి, సీసం రకమని తెలిస్తే, ట్రాక్ వేడికి పలచబడ్డ ఆయిల్‌తో కూడా అవి తట్టుకున్నాయని చెప్పవచ్చు.

ఇప్పుడు కాగితం తీయాలి. రెండో రిపోర్టుకూ మూడోదానికీ మధ్య ఎయిర్ ఫిల్టరు, దాని గొట్టం మార్చినట్టు అందులో రాసి ఉందనుకోండి. దుమ్ముకు దారి దొరికింది. గాలిని కొలిచే సెన్సరు ఉన్న గొట్టం వెడల్పు మారితే గాలి లెక్క తప్పి, పెట్రోలు పాళ్లు కూడా తారుమారు కావచ్చు. ట్రాక్ మీద పూర్తి వేగంలో ఇంజిన్ ఎలాగూ ఎక్కువ పెట్రోలు తీసుకుంటుంది, కాబట్టి పెట్రోలు పెరగడానికి అదొక్కటే కారణమని ఇప్పుడే తేల్చలేం. స్కానరు పెట్టి ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్ కంప్యూటరు పెట్రోలు పాళ్లను ఎంత సవరిస్తోందో, చూస్తే తేలుతుంది. చేయాల్సింది: పాత ఫిల్టరు పెట్టెను తిరిగి బిగించడం, టర్బో దాకా ఉన్న ప్రతి అతుకునూ లోపలి నుంచి తెల్ల గుడ్డతో తుడిచి దుమ్ము గీతలున్నాయేమో చూడటం, ఆయిల్, ఫిల్టరు మార్చడం, 2,500 కిలోమీటర్ల దగ్గర మళ్లీ నమూనా తీయడం. అర లీటరు పాత ఆయిల్ లోపల ఉండిపోతే మూడు పీపీఎం ఇనుము దానిదే, ఆ మేరకు తగ్గించి చదవాలి. సిలికాన్ పదికి దగ్గరగా వస్తే దారి మూసుకుపోయినట్టే. ఇరవై దగ్గరే ఉంటే సందు ఇంకా ఎక్కడో ఉంది.

రిపోర్టుకు కనిపించనివి

ఈ పరీక్షలో ఆయిల్‌ను ప్లాస్మా మంటలో గానీ విద్యుత్ మెరుపులో గానీ కాల్చి, ఏ లోహం ఏ రంగు వెలుగు ఇస్తోందో కొలుస్తారు. అయిదారు మైక్రాన్ల కన్నా పెద్ద రేణువులు అందులో సరిగా కాలవు. నెమ్మదిగా జరిగే అరుగుదల దుమ్ములాంటి రేణువులను ఇస్తుంది, అది కనిపిస్తుంది. బేరింగు పొర పెచ్చులుగా ఊడితే ఆ పెచ్చులు ఈ పరీక్షకు కనబడవు, ఆయిల్ ఫిల్టరులో చిక్కుకుంటాయి. రిపోర్టు బాగున్నా కొద్ది రోజులకే రాడ్ బేరింగు పోయిన ఇంజిన్ల కథ ఇదే.

కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టరును కోసి చూడండి. రేకు ఫిల్టరైతే హ్యాక్సా వద్దు, రంపపు పొడి కాగితంలో పడి లేని లోహాన్ని చూపిస్తుంది. చుట్టూ తిరుగుతూ కోసే ఫిల్టరు కట్టరు వాడండి. లోపలి కాగితాన్ని కత్తితో వేరు చేసి, రెండు పలకల మధ్య నొక్కి ఆయిల్ పిండేసి, తెల్ల కాగితం మీద మడతలు విప్పి ఎండలో అటూ ఇటూ తిప్పండి. సన్నటి మెరుపు పొడి కొద్దిగా ఉండటం మామూలే. కంటికి ఆనే పెచ్చులుంటే అయస్కాంతం దగ్గరకు తీసుకురండి. అంటుకుంటే ఉక్కు లేదా ఇనుము, అంటుకోకుండా గోటితో వంచితే మెత్తగా వంగితే బేరింగు లోహం కావచ్చు. రాగి రంగు తిరిగితే కింది పొర దాకా వచ్చిందన్నమాట. నల్లని, గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు టైమింగ్ చైను గైడువి.

మడతల మధ్య అలాంటి మెత్తని పెచ్చులు నాలుగైదు కనిపించాయంటే ల్యాబు నుంచి రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేసి శబ్దం విందామని కూడా అనుకోకండి. కారును అక్కడే ఉంచి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాత్ర అయిన సంప్ విప్పించి, ఒక్క రాడ్ బేరింగు మూతైనా తెరిపించి కంటితో చూడండి.